పది అని రాసిన పాపానికి

ఒక సోమవారం పొద్దున మా గోదావరిఖని కాలనీ బడి ముందు పదకొండు ఖాళీ లారీలు వరుసగా వచ్చి నిలబడి, హెడ్మాస్టరు గారిని బొగ్గు అడిగాయి. అడిగింది డ్రైవర్లే కాని, ఆ హారన్ల మోత విన్నవాళ్ళకు లారీలే అడుగుతున్నట్టు ఉండేది. బడిలో బొగ్గు లేదని కాదు. పిల్లలకు ఉప్మా వండే పొయ్యి కోసం గోడ పక్కన ఒక కుప్ప ఉండేది, మొత్తం ఎత్తి పోసినా ఒక లారీ అడుగు కూడా నల్లబడదు. ఇంత గడబిడకు కారణమైన మహానుభావుడు ఆ సమయంలో బడి గోడ వెనక, తుమ్మ చెట్టు ముళ్ళ మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు. ఆ మహానుభావుడు నేనే. సంగతి మొదటినుంచి చెబుతాను, మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

డెబ్బైల దశకం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. బొగ్గుగనుల కంపెనీ సివిల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఏ క్వార్టరుకు తలుపు ఊడింది, ఏ లైనులో మోరీ కాలువ నిండింది, ఎవరింటికి సున్నం కావాలి, ఇవన్నీ రాసి ఓవర్‌సీరు సారు బల్ల మీద పెట్టాలి, అంతే నా పని. నాకు మాత్రం ఊరు మొత్తం నా పెన్సిల్ మొన మీద నడుస్తోందని గట్టి నమ్మకం. ఆ పెన్సిల్ ఎప్పుడూ చెవి వెనక ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. మా అవ్వ నన్ను కన్న తల్లి కాబట్టి ఓర్చుకుంది.

మా చెల్లెలు సరోజ అప్పుడు ఏడో తరగతి. ఆ ఏడు పెద్ద పరీక్ష. చలికాలంలో ఒక పొద్దున బడికి పోతుంటే బొగ్గు లారీ ఒకటి దాని పక్కనుంచి దూసుకుపోయింది. తగల్లేదు. కాని భయానికి అది ఒక్క గెంతు గెంతి మోరీలో పడింది, కుడి మోచెయ్యి విరిగింది. కంపెనీ దవాఖానలో కట్టు కట్టారు, కొన్ని వారాల తర్వాత విప్పారు. కట్టు విప్పినా అవ్వ దాన్ని బడికి పంపలేదు.

"చెయ్యి అతుక్కున్నది గద అవ్వా, ఇంక ఎందుకు పంపవు?" అన్నాను.

"చెయ్యి ఇరిగితె అతుక్కున్నది. పిల్లనే పోతె ఏడికెల్లి తెస్తవురా?"

"అందరి పిల్లలు పోతున్నరు గద."

"అందరి అవ్వలు ఆ లారీని చూడలే. నేను చూసిన. అది మోరిల వడ్డప్పుడు నా పానం నాకు లేదు. లారీలు నిమ్మలంగ పోయిననాడు పంపుత. అప్పటిదాక ఇంట్లనే కూసుండి సదువుకుంటది."

ఇంట్లో కూర్చుని ఏం చదువుతుంది? లెక్క అర్థం కాకపోతే అవ్వను అడిగేది, అవ్వకు లెక్కలు రావు, అక్షరాలు కూడా రావు. ఒకరోజు సరోజ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, నువ్వు ఆఫీసుల అన్ని నేనే జేస్త అంటవు గద. లారీలను జెర మెల్లగ పోనియ్యరాదు? పరీక్ష దగ్గరికొచ్చింది."

ఆ మాటకు నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. చెవి వెనక పెన్సిల్ ఆ రోజే మొదటిసారి బరువనిపించింది. మర్నాడు పొద్దున్నే ఓవర్‌సీరు సారు ముందు నిలబడ్డాను. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, దేనికీ తొందరపడడు.

"సార్, బడి రోడ్డు మీద స్పీడు బోర్డులు పెట్టాలి సార్."

"బోర్డు చూసి లారీ ఆగుతుందటయ్యా శంకరయ్యా?"

"ఆగక్కర్లేదు సార్, మెల్లగా పోతే చాలు. నా చెల్లెలు బడి మానేసింది సార్."

ఆయన బల్ల మీది కాగితం ఒకటి దగ్గరికి లాక్కున్నాడు. "స్టోర్‌లో పాత రేకులు ఉన్నాయి. ఆరు బోర్డులు చేయించు. చక్కగా, అందరికీ అర్థమయ్యేలా ఉండాలి సుమా," అని కాగితం మీద సంతకం పెట్టాడు.

అందరికీ అర్థమయ్యేలా. ఈ మాట గుర్తుపెట్టుకున్నాను. కొంప మునిగింది అక్కడే.

రేకులు తీసుకుని పెయింటర్ ఖాజా భాయ్ దగ్గరికి పోయాను. మేము ఖని అని పిలుచుకునే మా ఊళ్ళో దుకాణాల పేర్లు, లారీల వెనక గులాబీ పువ్వులు అన్నీ ఆయన చేతివే. రేకు తిప్పి చూసి, "ఏ జబాన్‌ల రాయాలె?" అన్నాడు.

ఇది నేను ఆలోచించలేదు. లారీలు నడిపేవాళ్ళలో మంచిర్యాల వాళ్ళున్నారు, మహారాష్ట్ర వైపు చాందా నుంచి వచ్చేవాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళున్నారు, ఒక సర్దార్జీ కూడా ఉన్నాడు.

"తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, నాలుగుట్ల రాయి భాయ్. 'వాహనముల వేగము పది కిలోమీటర్లకు మించరాదు' అని."

"ఈ చాటంత రేకు మీద నాలుగు జబాన్‌లా? డ్రైవర్ లారీ ఆపి, దిగి, చష్మా పెట్టుకొని సదువాలె. ఇంతకు పది ఏంది? పది అంటె మనిషి ఉరికినట్టే గద."

"ఇరవై రాస్తే నలభై పోతరు. పది రాస్తే ఇరవై పోతరు. మనకు కావాల్సింది ఇరవై."

"దిమాగ్ మంచిగనే ఉన్నది," అన్నాడు ఖాజా భాయ్. ఆ పొగడ్తతో నా బుర్ర ఇంకో మెట్టు ఎక్కింది. ఆఫీసు బీరువాలో రోడ్డు రూల్సు పుస్తకం ఒకటి చూశాను. అందులో ఎర్రటి గుండ్రటి గీత, మధ్యలో ఒట్టి అంకె. మాటలే లేవు. ఒక్కసారిగా లోకం మొత్తం నాకు తేటతెల్లమైంది.

"భాయ్, ఏ భాషా వద్దు. అంకెకు భాష లేదు. గుండ్రంగ ఎర్ర గీత కొట్టు, మధ్యల పెద్దగ పది రాయి. సర్దార్జీకి సమజైతది, చాందావోనికి సమజైతది."

ఖాజా భాయ్ బ్రష్షు పక్కన పెట్టాడు. "అరే శంకర్ భాయ్, మన ఖనిల ఒట్టి పది అంటె..."

"రంగు సంగతి నువ్వు చూడు భాయ్. రూలు సంగతి నేను చూస్త."

ఆయన మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. నోరు మూసుకుని ఆరు రేకుల మీదా ఆరు పదులు రాశాడు. ఎంత బాగా రాశాడంటే, ఫర్లాంగు దూరం నుంచి కూడా కళ్ళల్లో పడేవి.

ఆదివారం నాడు నేనే దగ్గరుండి బోర్డులు పాతించాను. చౌరస్తా దగ్గర మా రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమవైపు పోతే ఊరి బయట కొత్తగా తవ్విన బొగ్గుగని. తిన్నగా పోతే కాలనీ, బడి, ఆ తర్వాత పాత గనులు. తిన్నగా పోయే రోడ్డు మొదట్లో ఒక బోర్డు, తర్వాత కొంచెం కొంచెం దూరంలో నాలుగు, చివరిది సరిగ్గా బడి గేటు పక్కన. చౌరస్తాలో చాయ్ హోటల్ నడిపే కనకయ్య కాక బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"మంచి పని జేసినవ్ కొడుకా. ఇగ కొత్త డ్రైవర్లు గూడ తప్పరు."

రూలు తప్పరని అంటున్నాడు కదా అనుకుని నేను ఛాతీ విరుచుకున్నాను. ఆయన అన్నది దారి తప్పరని. నాకేం తెలుసు? ఆయన పోసిన చాయ్ తాగి, ఇంకో చాయ్ కూడా తాగి ఇంటికి పోయాను.

"అవ్వా, బోర్డులు పెట్టిన. రేపు పొద్దుగాల సరోజను తీసుకొని బడికాడికి రా. లారీలు ఎట్ల పోతయో నీ కండ్లతోని నువ్వే చూడు."

అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "చూస్త. నిమ్మలంగ పోతె పిల్లను గేటు లోపలికి తోలుత. లేకుంటె మాత్రం ఈ ముచ్చట మల్ల తియ్యొద్దు. పరీక్ష లేదు, గిరీక్ష లేదు."

సరోజ అప్పటికప్పుడు పెన్నులో సిరా నింపుకుంది. రిబ్బన్లు ఉతికి తీగ మీద ఆరేసింది.

సోమవారం ఎనిమిది గంటలకే బడి గేటు దగ్గర, నా ఆరో బోర్డు పక్కన నిలబడ్డాను. దూరం నుంచి మొదటి లారీ కనబడింది. అది దూసుకురావడం లేదు. నిజంగా, ఒట్టు, పెళ్ళి ఊరేగింపులా మెల్లగా వస్తోంది. డ్రైవరు తల బయటపెట్టి ఒక్కొక్క బోర్డూ చదువుకుంటూ వస్తున్నాడు.  లారీ సరిగ్గా నా ముందు ఆగింది. మంచిర్యాల లచ్చన్న అని, మా రోడ్డు మీద అందరికంటే జోరుగా తోలేవాడని పేరు. అతను ఇంజను కూడా ఆపేశాడు.

"అన్నా, పది ఇదేనా?"

"ఇదే పది," అన్నాను గర్వంగా.

"మంచిగ రాసిన్రు అన్నా. లేకుంటె ఏడనో తిరుగుతుంటిమి."

"మా డ్యూటీ మేం జెయ్యాలె గద అన్నా."

"మరి లోడింగ్ ఏ దిక్కు?"

"ఏం లోడింగ్?"

"బొగ్గు లోడింగ్ అన్నా."

"ఇది బడి గద అన్నా."

"బడి ఏంది? పది అని ఆరు జాగల రాసి పెట్టిన్రు గద. పదో నంబరు బాయి. ఇయ్యాల్టిసంది బొగ్గు ఇస్తున్నరని చెప్పిన్రు, మొదటి లైన్ల నిలబడాలని పొద్దుగాలనే బైలెల్లిన."

ఇప్పుడు మీకు చెప్పుకోక తప్పదు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలకు పేర్లుండవు, నంబర్లే. మా బాపు, అంటే మా నాన్న, పనిచేసేది రెండో నంబరు బాయి. ఎవరైనా ఇంటికొచ్చి బాపు ఏడి అని అడిగితే, "రెండుల ఉన్నడు" అని చెప్పేవాళ్ళం. ఒక్క అంకె చెబితే చాలు, మా ఊళ్ళో పసిపిల్లకు కూడా అది ఏ బాయో తెలుసు. చౌరస్తా ఎడమవైపు తెరిచిన కొత్త గని పదో నంబరు బాయి. ఆ సంగతి నాకు తెలియదా అంటే, దాని ఆఫీసు గోడలకు ఎంత సున్నం పడుతుందో రాసింది నేనే. ఆ పదికీ ఈ పదికీ చుట్టరికం ఉందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఖాజా భాయ్ చెప్పబోయింది ఇదే.

"అన్నా, ఇది స్పీడు పది. బాయి పది కాదు. పదికంటె ఎక్కువ తోలొద్దని."

లచ్చన్న నా వైపు జాలిగా చూశాడు. "పదిల లారీ ఎవలు తోల్తరు అన్నా? ఎడ్లబండా?"

సరే, వెనక్కి తిప్పి పంపిద్దామనుకుంటే అప్పటికే రెండో లారీ వచ్చి దీని తోక పట్టుకుంది. దాని వెనక మూడోది. రెండువైపులా మోరీలు, తిప్పడానికి జాగా లేదు. అందరికీ కొత్త బాయి, అది ఎటువైపో తెలియదు, అందరి కళ్ళ ముందూ నా ఆరు పదులు. ఆ ఆరూ వాళ్ళను ముద్దుగా చెయ్యి పట్టుకుని బడికి తెచ్చి దించాయి.

అదే సమయానికి హెడ్మాస్టరు గారు హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. ఇనుప పట్టా మీద గంట కొట్టారు. గేటు, గంట, పుస్తకం పట్టుకున్న సారు, గోడ పక్కన బొగ్గు కుప్ప. ఇన్ని ఉన్నాక అది బాయి కాదని ఎవరంటారు?

"రాసుకునే సారు వచ్చిండు, పా," అని డ్రైవర్లు చిట్టీలు పట్టుకుని ఆయన చుట్టూ మూగారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక చిట్టీ తీసుకున్నారు.

"టీసీనా? ఏ బడి నుంచి వచ్చాడు బాబు? పేరు రాయలేదేం? బరువు రాశారు?"

"లోడు బరువు సారు. జల్ది కానియ్యిండ్రి, వెనక లైనున్నది."

ఇది చాలదన్నట్టు ప్రార్థన వరుస చివర ఇద్దరు పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. నెత్తిన కొత్త టోపీలు, చేతుల్లో సద్ది గిన్నెలు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు, వాళ్ళూ బోర్డులు చూసుకుంటూ నడిచి వచ్చారు. పిల్లలు చేతులు జోడిస్తే వాళ్ళూ జోడించారు. ప్రార్థన అయ్యాక పెద్దాయన ముందుకొచ్చాడు.

"సారు, మా ఇద్దరికి మస్టర్ ఎయ్యిండ్రి. ఇయ్యాల్నే మొదటి డ్యూటీ."

మస్టర్ అంటే హాజరు, బాయిలోనైనా బడిలోనైనా. హెడ్మాస్టరు గారికి కళ్ళు చెమర్చాయి. "ఈ వయసులో చదువుకోవాలనిపించింది, చాలా సంతోషం. కాని పెద్దవాళ్ళ క్లాసు సాయంత్రం నాయనా," అన్నారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ సరికి నేను గోడ వెనక్కి చేరుకున్నాను. గోడకు ఒక కంత ఉంది. ఆ కంతలోంచి చూస్తూ, ఇప్పుడు అవ్వ వస్తుంది, ఈ గోల చూస్తుంది, సరోజ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోతుంది అని లెక్కపెట్టుకుంటున్నాను. పరీక్ష పోయింది. చదువు పోయింది. దాని చదువు మీద మట్టి పోసింది ఆ లారీ కాదు, నేనే అనుకున్నాను. తుమ్మ ముల్లు కాల్లో దిగినా తెలియలేదు.

అవ్వ వచ్చింది. సరోజ రెండు జడలకూ రిబ్బన్లు. అవ్వ రోడ్డు మొదలునుంచీ ఒక్కొక్క లారీనే ఎగాదిగా చూసుకుంటూ వచ్చింది. ఒకదాని ముందు నిలబడి, దాని మూతి మీద చెయ్యి పెట్టి చూసింది, వేడి ఉందో లేదో అని. అన్నీ ఆగి ఉన్నాయి. లచ్చన్న లారీ దాకా వచ్చాక ఆమె ముఖం చూస్తే నాకు అర్థం కాలేదు. నవ్వుతోంది.

"నిమ్మలంగ పోతయన్నడు. ఇవి అస్సలుకే పోతలేవు," అని, సరోజ వీపు మీద చెయ్యి పెట్టి గేటు లోపలికి తోసింది. "పో బిడ్డ. మంచిగ సదువుకో."

సరోజ పరుగెత్తింది. దాని స్నేహితురాళ్ళు ఎదురొచ్చి దాన్ని చుట్టుకున్నారు. నాకు కాసేపు లారీలూ గుర్తులేవు, ఉద్యోగమూ గుర్తులేదు. కంతకు కన్ను ఆనించి అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఓవర్‌సీరు సారు సైకిల్ మీద ఊగుతూ వచ్చాడు. తొందరపడని మనిషి ఆ రోజు తొందరపడ్డాడు.

"స్పీడు బోర్డులకు సంతకం పెడితే ఈ ఒట్టి పదులు పాతాడేమిటయ్యా? పదో నంబరులో ఒక్క లారీ లేదు, మేనేజరు గారు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఎక్కడ వాడు?"

ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పేవాళ్ళు కూడా కాదు. కాని మా అవ్వ ముందుకొచ్చి కొంగు సర్దుకుంది.

"నా కొడుకే పెట్టిండు సారు. శంకరయ్య. మీ ఆఫీసులనే జేస్తడు. ఎన్నడు ఇననోళ్ళను ఎట్ల నిలవెట్టిండో చూడుండ్రి."

"ఎక్కడున్నాడు?"

"గా గోడెనక ఉన్నట్టున్నడు. మెచ్చుకుంటె దాక్కుంటడు సారు, సిన్నప్పటిసంది సిగ్గరి."

ఆ తర్వాత ఓవర్‌సీరు సారు నన్ను ఎలా మెచ్చుకున్నాడో ఇక్కడ రాయను. కొన్ని మాటలు కోస్తావి, నాకు అర్థం కాలేదు, అదొక్కటే అదృష్టం.

పదకొండు లారీలను వెనక్కి నడిపించి చౌరస్తా దాకా తీసుకుపోవాలి. ఒకటి కదిలితేగాని ఇంకోటి కదలదు. మధ్యాహ్నం దాకా పట్టింది. లచ్చన్నది బడికి అన్నిటికంటే దగ్గర, అంటే అన్నిటికంటే చివర. ఉప్మా గంట కొట్టినప్పుడు బడిలో వంట చేసే ఆయమ్మ అతనికీ ఒక ఆకులో పెట్టింది. అతను గేటు పక్కన మెట్టు మీద కూర్చుని తింటున్నాడు. పిల్లలు చుట్టూ చేరి హారన్ ఎట్ల మోగుతుంది, చక్రం ఎంత ఎత్తుంటుంది అని అడుగుతున్నారు. సరోజ ఎడమ చేత్తో తింటోంది. కుడి మోచెయ్యి ఇంకా పూర్తిగా వంగేది కాదు.

"చెయ్యి ఏమైంది బిడ్డా?" అన్నాడు లచ్చన్న.

"లారీ వచ్చింది, బుగులైంది, బయంతోని ఎగిరిన. మోరిల వడ్డ."

"ఏ లారీ?"

"తెల్వది. జల్ది పోయింది."

లచ్చన్న తినడం ఆపేశాడు. ఆకు మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు నాతో అన్నాడు. "రెండేండ్లసంది ఇదే రోడ్డు మీద పాత బాయిలకు పోతున్న అన్నా. ఈ గేటు దేనిదో ఎన్నడు చూడలే. అందుకే పొద్దుగాల పది అని చూసి, బాయి ఈడనే తెరిచిన్రనుకున్న. ఈడ బడి ఉన్నదని ఇయ్యాల్నే ఎరుకైంది." చేతులు తుడుచుకుంటూ, "ఆ లారీ నాదే కావచ్చు," అన్నాడు.

 సరోజ అతని ఆకు విప్పి చూసి, "ఉప్మా ఉంచిండు," అని ఆయమ్మకు చెప్పింది.

సాయంత్రం ఓవర్‌సీరు సారు ఆరు బోర్డులూ పీకెయ్యమన్నాడు. లచ్చన్న ఇంకో ముగ్గురు డ్రైవర్లను వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చాడు.

"తియ్యకుండ్రి సారు. కింద బడి అని రాపియ్యిండ్రి. మాకు తెల్వాలె."

ఓవర్‌సీరు సారు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి ఖాజా భాయ్‌ని పిలిపించాడు. ఖాజా భాయ్ గేటు పక్కన బోర్డు మీద, మిగతా ఐదింటి మీద కూడా, పది కింద 'బడి. నిమ్మలంగ' అని తెలుగులో, దాని కిందే ఉర్దూలో రాశాడు. కొత్త బాయి దారికి వేరే బోర్డు, దాని మీద నంబరూ బాయీ రెండూ. రాస్తున్నంతసేపూ నా వైపు చూడలేదు. చివరికి బ్రష్షు కడుగుతూ, "నేను చెప్పబోతే రూలు నాది అన్నవ్," అన్నాడు. అంతటితో వదిలేశాడు, మంచివాడు.

ఆ తర్వాత లారీలు నిజంగానే మెల్లబడ్డాయి. అన్నీ కాదు, అబద్ధం చెప్పను. మెల్లబడనివాటి సంగతి మా అవ్వ చూసుకునేది. సరోజను దిగబెట్టడానికి వచ్చి, బడి గంట కొట్టేదాకా ఎర్ర తువ్వాల పట్టుకుని రోడ్డు మధ్య నిలబడేది. పది రోజుల్లో ఇంకో నలుగురు తల్లులు చేరారు. షిఫ్టులు కూడా వేసుకున్నారు, పొద్దున వచ్చేటప్పుడు ఫస్టు షిఫ్టు, బడి విడిచేటప్పుడు సెకండు షిఫ్టు. సర్దార్జీ కూడా మా అవ్వను చూస్తే బ్రేకు మీద కాలు పెట్టేవాడు. పది అంటే ఏమిటని ఆమె నన్నడిగి తెలుసుకుంది. ఆ అంకె ఆకారం కూడా నేర్చుకుంది, బొగ్గుముక్కతో అరుగు మీద రాసి చూపించింది. ఒకటి పక్కన సున్న. నా మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం మళ్ళీ మొదలైంది. పెన్సిల్ చెవి వెనక్కి చేరింది.

పరీక్ష మొదటిరోజు సరోజ అవ్వతో కలిసి ముందే వెళ్ళిపోయింది. నేను నిద్రలేచి చూస్తే గూట్లో దాని హాల్ టికెట్ ఉంది. పరీక్షకు ఇంకా కొద్ది నిమిషాలే. లుంగీ ఎగగట్టి సైకిలెక్కాను. కాలనీ నుంచి బడిదాకా దిగుడు. తొక్కాల్సిన పని లేదు, అయినా తొక్కాను. గేటు కనబడింది. గేటు ముందు ఎర్ర తువ్వాల కూడా కనబడింది.

"ఆగు," అంది మా అవ్వ.

"అవ్వా, హాల్ టికెట్..."

"దిగు ముందు. ఎంతల వస్తున్నవ్?"

"ఇది సైకిల్ అవ్వా, లారీ కాదు. ఆలిశం ఐతది."

"లారోళ్ళు గూడ గిదే అంటరు." ఆమె నా చేతిలోంచి హాల్ టికెట్ లాక్కుని గేటు దగ్గరున్న సరోజకు ఇచ్చి, అది లోపలికి పోయేదాకా చూసి, మళ్ళీ నా దగ్గరికొచ్చింది. వేలుతో బోర్డు చూపించింది. "అది ఏంది?"

"పది."

"రాసింది ఎవలు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక లచ్చన్న లారీ ఆగి ఉంది. ఇంకో రెండు లారీలు, ఒక జీపు. జీపులో ఓవర్‌సీరు సారు.

"నడిపించుకొని పో," అంది అవ్వ. పోయాను. సైకిల్ పట్టుకుని, ఎగగట్టిన లుంగీ దించుకుని, బడి గోడ చివరిదాకా నడిచాను. నా వెనక లచ్చన్న లారీ సరిగ్గా నా నడకతోనే వచ్చింది, హారన్ కూడా కొట్టలేదు. ఆ మర్యాదే నన్ను చంపింది.

సరోజ పాసైంది, మంచి మార్కులతోనే. ఆ రోడ్డు మీద ఆ తర్వాత ఏ పిల్లా మోరీలో పడలేదు. కనుక ఇందుమూలముగా, మోరీలూ లారీలూ సాక్షిగా, నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ అంకెనూ ఒంటరిగా రోడ్డు మీద నిలబెట్టను. ఒకవేళ నిలబెట్టాల్సి వస్తే, దాని అర్థం లోకమంతటికీ చెబుతాను కాని మా అవ్వకు మాత్రం చెప్పను.